ఆక్సొలాటల్ పిల్లలకు ప్రాణమున్న మేత: రాత్రి వేస్తే తెల్లవారేసరికి నీరు పాడవుతోంది

గాజుతొట్టె (హైదరాబాద్)
జనవరి 12, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఇక్కడ చదువుతూ ఉండడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మా ఇంట్లోని ఆక్సొలాటల్ (మెక్సికోకు చెందిన, నీటిలోనే బతికే సాలమాండర్ రకం ఉభయచరం) జంట డిసెంబరు మూడో వారంలో గుడ్లు పెట్టింది. నాలుగు వందలకు పైనే ఉంటాయి. సగానికి పైగా తీసేసి, మిగిలినవి వేరే టబ్బులో ఉంచాను. జనవరి 7 నుంచి మూడు రోజుల్లో అన్నీ బయటికి వచ్చాయి. లెక్కపెడితే 190.

పుట్టిన రెండు మూడు రోజులు పచ్చసొన మీదే బతుకుతాయని చదివి అప్పుడు ఏమీ వేయలేదు. ఆ తర్వాత ఆర్టీమియా (ఎండు గుడ్లను ఉప్పునీటిలో పొదిగించి తీసే సన్నటి రొయ్యలాంటి జీవులు) మొదలుపెట్టాను. రాత్రి 10కి వేసి పడుకుంటాను, ఉదయం 6కి లేచి మళ్లీ వేస్తాను. నోటి ముందు ఎప్పుడూ మేత కదులుతూ ఉండాలని రాస్తారు కదా, అందుకని ధారాళంగానే వేశాను. నిన్న నీరు కాస్త మసకగా కనిపించింది. ఈ రోజు బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అడుగున నారింజరంగు పొర, వంగి చూస్తే ఎండుచేపల వాసన. 31 పిల్లలు చనిపోయాయి. మిగిలినవి అడుగున కదలకుండా పడి ఉన్నాయి.

టబ్బు 8 లీటర్లది. ఫిల్టర్ లేదు, గాలి బుడగలు వదిలే చిన్న గాలి రాయి మాత్రం ఉంది. రోజూ సగం నీరు మారుస్తున్నాను. మేత తగ్గిద్దామంటే ఆకలితో ఒకదాన్నొకటి కొరుక్కుంటాయని భయం. ఎక్కడ తప్పు చేస్తున్నాను?


చల్లనినీరు (మినియాపొలిస్)
జనవరి 12, ఉదయం 7:15

ముందు ఈ పని చేయండి, మిగతా మాటలు తర్వాత. వేరే టబ్బులో క్లోరిన్ తీసిన శుభ్రమైన నీరు పోయండి. వేడి పాత టబ్బుతో సమానంగా ఉండాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా పరవాలేదు. బతికున్న పిల్లలను ప్లాస్టిక్ గరిటెతో నీటితో సహా ఎత్తి అందులోకి మార్చండి. వల వద్దు, మొప్పల కుచ్చులు చిక్కుకుంటాయి. పాత నీటిని ఒక సీసాలో పట్టి ఉంచి, మిగతాది పారబోయండి. ఈ పూట మేత వద్దు. పచ్చసొన ఇప్పుడిప్పుడే అయిపోయిన పిల్ల ఒక పూట పస్తుకు చనిపోదు. ఆ నీటిలో ఇంకో పూట ఉంటే చనిపోతుంది.


నాచుపట్టినరాయి (రాజమహేంద్రవరం)
జనవరి 12, ఉదయం 8:05

ఫిల్టర్ లేకుండా 190 ప్రాణులను 8 లీటర్లలో పెట్టారా? ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. నెల రోజులుగా నడుస్తున్న స్పాంజి ఫిల్టర్ ఒకటి పెద్దల తొట్టెలోంచి తీసి ఇందులో పెట్టండి. దాన్ని అంటుకుని ఉన్న బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేస్తుంది. రోజూ నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోయడం నాకు మొదటినుంచీ నచ్చని పద్ధతి. అది శుభ్రత కాదు, నీళ్ల దుబారా.

పాత నీటికి అమోనియా, పీహెచ్ పరీక్షలు చేసి అంకెలు ఇక్కడ పెట్టండి. మీరు కుళాయి నీరు పోస్తున్నారా, బోరు నీరా? అంకెలు లేకుండా నీటి గురించి మాట్లాడడం జ్వరం చూడకుండా మందు రాయడం లాంటిది.


రొయ్యలపిల్ల (బాపట్ల దగ్గర)
జనవరి 12, మధ్యాహ్నం 1:30

నేను రొయ్య పిల్లల హేచరీలో పని చేస్తాను. ఆక్సొలాటల్‌ను ఫోటోల్లో తప్ప చూడలేదు. కానీ ఆర్టీమియాతో పద్నాలుగేళ్ల సావాసం, అందుకే రాస్తున్నాను.

గాజుతొట్టె గారు, మూడు సంగతులు చెప్పండి. ఒక్కోసారి ఎన్ని ఆర్టీమియా గుడ్లు పొదిగిస్తున్నారు? సీసాలోంచి పిల్లలను ఎలా తీస్తున్నారు? టబ్బులో వేసే ముందు కడుగుతున్నారా?


గాజుతొట్టె
జనవరి 12, మధ్యాహ్నం 2:10

చల్లనినీరు గారు చెప్పినట్టే మార్చాను. ఈలోగా ఇంకో 6 పోయాయి. ఇప్పుడు 153. కాస్త కదులుతున్నాయి.

రొయ్యలపిల్ల గారూ, రోజుకు టీ చెంచా నిండా గుడ్లు వేస్తాను. శీతల పానీయం సీసాను కోసి తలకిందులుగా పెట్టి, కల్లుప్పు నీరు పోసి గాలి పెడతాను. 24 గంటల తర్వాత అందులోంచి ఒక గ్లాసు ముంచి అలాగే టబ్బులో పోస్తున్నాను. కడగడం లేదు. కడగాలని తెలియదు.


రొయ్యలపిల్ల
జనవరి 12, రాత్రి 9:20

తెలిసింది. తప్పు మూడు చోట్ల ఉంది, మూడూ కలిసి ఒకే రాత్రి పని చేశాయి.

మొదటిది లెక్క. టీ చెంచా నిండా అంటే రెండు మూడు గ్రాములు. సరుకు మంచిదైతే గ్రాముకు రెండు లక్షలకు పైగా పిల్లలు పొదుగుతాయి. అంటే మీరు 153 నోళ్ల కోసం నాలుగు లక్షలకు తక్కువ కాకుండా తయారు చేస్తున్నారు. తలకు 2,600! మా తొట్టెల్లో కూడా ఇంత ఉదారంగా వేయం.

రెండోది, మీరు పోస్తున్నది మేత ఒక్కటే కాదు. 28 డిగ్రీల వేడిలో ఒక రోజంతా గాలి తిరిగిన ఉప్పునీరు అది. గుడ్డు పగిలినప్పుడు బయటికి వచ్చే గ్లిజరాల్, పెంకులు, పొదగని గుడ్లు, వాటి మీద పెరిగిన బాక్టీరియా, ఇవన్నీ ఆ గ్లాసులో ఉంటాయి. ఆర్టీమియా సీసా బాక్టీరియాకు పెళ్లి భోజనం. మా హేచరీలో సీసా నీరు ఒక్క చుక్క కూడా రొయ్య పిల్లల తొట్టెలోకి వెళ్లకూడదని కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి రోజే చెబుతాం.

మూడోది అసలు సంగతి, మీ దగ్గరకూ మా దగ్గరకూ ఉన్న తేడా. మా తొట్టెల్లో ఉన్నది సముద్రపు నీరు. మేం వేసిన ఆర్టీమియా తినేదాకా బతికే ఉంటుంది. మీ టబ్బులో ఉన్నది మంచినీరు. ఆర్టీమియా అందులో నాలుగైదు గంటలు ఈదుతుంది, ఆ తర్వాత శవమే. మీరు రాత్రి 10కి వేస్తే మూడు గంటలకల్లా మిగిలినదంతా చచ్చి అడుగుకు చేరింది. మీరు లేచేసరికి అది కుళ్లుతూ ఉంది. ఆక్సొలాటల్ పిల్ల ఈ వయసులో కదిలేదాన్నే పడుతుందని ఇక్కడే చదివాను. అంటే ఆ నారింజరంగు పొర వాటికి మేత కానే కాదు. "ప్రాణమున్న మేత" అని సంచి మీద రాసి ఉన్నా మీ టబ్బులో దాని ప్రాణం సగం రాత్రికే పోతోంది.


చల్లనినీరు
జనవరి 12, రాత్రి 10:45

రొయ్యలపిల్ల గారి మాటకు నా వంతు చేర్పు. రాత్రి పడుకునే ముందు మేత వేయడం మానేయండి. నేను ఉదయం లేవగానే ఒకసారి వేస్తాను, సాయంత్రం ఇంటికి రాగానే ఇంకోసారి. రెండోసారి వేశాక రెండు మూడు గంటలు ఆగి, పిల్లలను కొత్త నీటికి మార్చి, అప్పుడే పడుకుంటాను. రాత్రంతా శుభ్రమైన నీటిలో, ఖాళీ టబ్బులో ఉంటాయి. పొట్ట నిండి ఉంటే చాలు.

పొట్ట నిండిందో లేదో చూడడానికి టబ్బులో ఎంత మేత మిగిలిందని చూడకండి, పిల్లనే చూడండి. ఈ వయసులో చర్మం పారదర్శకంగా ఉంటుంది. ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట నారింజరంగులో గుండ్రంగా కనిపిస్తుంది. వేసిన పావుగంటకు పది పిల్లల్లో ఎనిమిదింటికి అలా కనిపిస్తే ఆ పూటకు సరిపోయినట్టే. కనిపించని రెండింటినీ వేరే గిన్నెలో పెట్టి తినిపించండి. వాటి కోసమని టబ్బు మొత్తానికి ఇంకో గరిటె వేయకండి. నా మొదటి కాన్పులో నేను చేసిన తప్పు అదే.

(కాన్పు నాది కాదు, మా ఆక్సొలాటల్‌ది. మా అమ్మ ఫోనులో ఒకసారి నిజంగానే కంగారు పడింది.)


వానపాము (విశాఖపట్నం)
జనవరి 13, ఉదయం 9:00

ఒక సందేహం. మెక్సికోలో షోచిమిల్కో కాలువల్లో ఇవి పుట్టి పెరిగేది బురద నీటిలోనే కదా? అక్కడ రోజూ నీళ్లు ఎవరు మారుస్తున్నారు?

ఇంకొకటి. ఆర్టీమియా మంచినీటిలో చచ్చిపోతుందంటే డాఫ్నియా (నీటి ఈగ అనే సన్నటి జీవి) వేయవచ్చు కదా, అది మంచినీటి ప్రాణి. మా కాలేజీ వెనక కుంటలో బోలెడు ఉంది.


నాచుపట్టినరాయి
జనవరి 13, ఉదయం 9:40

షోచిమిల్కోలో ఒక పిల్ల వాటాకు వచ్చే నీరు ఎంతో, మొక్కలు ఎన్నో ఆలోచించండి. ఇక్కడ 153 పిల్లలకు 8 లీటర్లు. పైగా మురికి వాటికి పడుతోందని ఎవరన్నారు? నీరు పాడవడం, బయటినుంచి తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు, ఈ రెండూ కలిసి అక్కడ వాటిని దాదాపు తుడిచిపెట్టాయి. ఇప్పుడు అడవి ఆక్సొలాటల్ కంటే గాజు తొట్టెల్లో ఉన్నవే ఎక్కువ.

నీళ్లు మార్చడం గురించి నా అభిప్రాయం మారలేదు. 1864లో పారిస్‌లో జంతుశాస్త్రవేత్త ఆగుస్త్ ద్యుమెరిల్ చేతికి చేరిన ఆక్సొలాటల్‌లు ఆరే ఆరు. వాటి సంతానమే యూరప్ ప్రయోగశాలలన్నిటికీ పాకింది. అప్పుడు పరీక్ష కిట్లు లేవు, రోజుకు రెండు టబ్బులు కడిగినవారూ ఉండి ఉండరు.


చల్లనినీరు
జనవరి 13, ఉదయం 10:20

ద్యుమెరిల్ గారి దగ్గర ఎన్ని పిల్లలు చచ్చిపోయాయో కూడా మనకు ఎవరూ చెప్పలేదు కదండీ.

ఫిల్టర్ మీద నాకు కోపం లేదు. పెద్దల తొట్టెలో నాకూ ఉంది. కానీ 11 మిల్లీమీటర్ల పిల్ల, దానికంటే చిన్న మేత ఉన్న టబ్బులో స్పాంజి పెడితే మేతంతా స్పాంజికి అంటుకుంటుంది, అక్కడే చచ్చి కుళ్లుతుంది. మళ్లీ మొదటికే వస్తాం. నీటి ఉరవడి కూడా ఈ పిల్లలకు పడదు.

వానపాము గారూ, డాఫ్నియా మంచి మేతే. తినేదాకా బతికే ఉంటుంది, నీటిని పాడుచేయదు. అయితే మొదటి వారం పిల్లల నోటికి పెద్ద డాఫ్నియా పట్టదు, దాని పిల్లలను వేయాలి. కుంట నీటిని అలాగే తెచ్చి పోయకండి. అందులో తూనీగ పిల్లలు ఉంటే మీ ఆక్సొలాటల్ పిల్లలే వాటికి మేత అవుతాయి.


గాజుతొట్టె
జనవరి 13, రాత్రి 8:30

నాచుపట్టినరాయి గారు అడిగిన అంకెలు. దాచిన పాత నీరు: అమోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.4. నీటి వేడి 23 డిగ్రీలు. మేం పోసేది బోరు నీరు, దాని పీహెచ్ 8.2, అమోనియా సున్నా. కుళాయి నీరు రోజు విడిచి రోజు వస్తుంది, వంటకు వాడుకుంటాం.

ఒక విషయం గమనించాను. పిల్లలు చనిపోయింది రాత్రి కాదు. రెండు రోజులూ ఉదయం సగం నీరు మార్చిన గంట రెండు గంటల తర్వాతే ఎక్కువగా పోయాయి. శుభ్రమైన నీరు పోస్తే చావడం ఏమిటో అర్థం కాలేదు.


నాచుపట్టినరాయి
జనవరి 13, రాత్రి 11:10

మీ చివరి పేరా చదివి కాగితం, పెన్ను తీశాను. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, ఈ ముక్క నాకు ముందే తట్టాల్సింది.

కిట్ చూపించేది మొత్తం అమోనియాను. అందులో రెండు రూపాలు ఉంటాయి. అమోనియం అయాన్‌గా ఉన్నది అంత ప్రమాదం కాదు. అయాన్ కాని అమోనియా మాత్రం మొప్పల్లోంచి నేరుగా ఒంట్లోకి చొరబడుతుంది, అదీ విషం. ఏది ఎంత ఉంటుందనేది పీహెచ్‌ను బట్టి, వేడిని బట్టి మారుతుంది. 23 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.4 అయితే విషరూపం ఒక శాతం పైచిలుకు. పీహెచ్ 8 అయితే సుమారు 4.7 శాతం. 8.2కు ఏడు శాతం దాటుతుంది.

ఇప్పుడు మీ టబ్బు లెక్క చూడండి. రాత్రంతా కుళ్లిన నీటిలో బాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను 7.4కు దించింది. 4 మిల్లీగ్రాముల్లో విషం 0.05. ఉదయం మీరు సగం తీసి బోరు నీరు పోశారు. మొత్తం అమోనియా 2కు తగ్గింది. కానీ గాలి రాయి తిరుగుతూ ఉంటే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ 8 దగ్గరికి వస్తుంది. 2లో 4.7 శాతం అంటే 0.09. అమోనియా సగమైంది, విషం మాత్రం దాదాపు రెట్టింపు అయింది. మీ పిల్లలు నీరు మార్చిన తర్వాత చావడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

కాబట్టి ఈ టబ్బుకు సగం సగం మార్చడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మారిస్తే మొత్తం మార్చాలి, లేదా అమోనియా పుట్టకుండా చూడాలి. చల్లనినీరు గారు చెప్పిందే సరైనది. దుబారా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పారబోసే నీరు మొక్కలకు పోయండి, కనీసం అదైనా పాటించండి.


చల్లనినీరు
జనవరి 13, రాత్రి 11:55

పదేళ్లుగా మార్చుతున్నాను గానీ ఎందుకు మార్చాలో ఇంత స్పష్టంగా నాకూ తెలియదు. ధన్యవాదాలు మాస్టారూ.


రొయ్యలపిల్ల
జనవరి 14, ఉదయం 5:40

పండగ రోజు. ముగ్గులు వేసేలోగా నా మాట ముగిస్తాను.

మేత తీసే పద్ధతి ఇది. గుడ్లు చెంచాలో పదో వంతు చాలు, మీ పిల్లలకు అదీ ఎక్కువే. పొదిగాక గాలి ఆపండి. పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుగుకు దిగుతాయి. సీసా పై సగానికి నల్లగుడ్డ చుట్టి కిందివైపు టార్చి పెడితే పది నిమిషాల్లో పిల్లలన్నీ వెలుతురు దగ్గరికి చేరతాయి. అక్కడ సన్నటి గొట్టం పెట్టి లాగండి. మొదట వచ్చే గోధుమరంగు చుక్కలు పొదగని గుడ్లు, వాటిని వేరే గ్లాసులో పట్టి పారేయండి. గట్టి నారింజరంగు రాగానే బట్టలోకి పట్టండి, పెంకులు దిగివస్తుంటే ఆపేయండి. ఎక్కువ సేపు గాలి లేకుండా ఉంచితే గుంపుగా ఊపిరాడక చస్తాయి, పది పదిహేను నిమిషాలు మించనీయకండి.

బట్ట అంటే 120 మైక్రాన్ల నైలాన్. దొరకకపోతే పాత పట్టు చీర కొంగు రెండు మడతలు వేసినా పని జరుగుతుంది (ఎవరి చీరో ముందు అడగండి). అందులో మంచినీటితో ధారగా కడగండి, కిందికి పోయే నీరు తేటగా వచ్చేదాకా. అప్పుడు చెంచాడు మంచినీటిలో కలిపి, చుక్కల లెక్కన వేయండి.

మిగిలినవి మంచినీటిలో ఉంచకండి. ఉప్పునీటిలోనే, పల్చగా, ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజుకూ బతికే ఉంటాయి, ఒంట్లో సత్తువ కూడా పెద్దగా తగ్గదు. బయట వేడిలో ఉంచితే తమ పచ్చసొన తామే కరిగించుకుని వట్టి గుల్లలవుతాయి.


నిర్వాహకులు
జనవరి 14, ఉదయం 11:00

చర్చ బాగా సాగుతోంది. ఒక మాట మాత్రం గుర్తుచేయాలి. ఆక్సొలాటల్ సైట్స్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జంతువు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువులను ఇంట్లో ఉంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా తెలియజేయాలి. "మిగిలిన పిల్లలు కావాలా" అనే పోస్టులు ఈ విభాగంలో తొలగిస్తాం. ఎన్ని పిల్లలను పెంచగలరో తేల్చుకుని గుడ్లుగా ఉన్నప్పుడే తగ్గించుకోవడం మంచిది.


గాజుతొట్టె
జనవరి 14, మధ్యాహ్నం 12:30

జంట నమోదై ఉంది. పిల్లల సంగతి ఈ వారం తెలియజేస్తాను. ఎవరికీ అమ్మే ఉద్దేశం లేదు, అసలు ఇన్ని బతుకుతాయని అనుకోలేదు.


వానపాము
జనవరి 18, సాయంత్రం 6:15

కుంట డాఫ్నియా సంగతి. తూనీగ పిల్లలు లేకుండా చూసి, రెండుసార్లు వడకట్టే మా తొట్టెలో వేశాను. నాలుగో రోజు గాజుకు అంటుకుని సన్నటి దారాల్లాంటివి కనిపించాయి. ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయి. ఒక పిల్ల దాని దగ్గరికి వెళ్లి గిలగిల కొట్టుకుంది.


నాచుపట్టినరాయి
జనవరి 18, సాయంత్రం 7:00

అది హైడ్రా, కుట్టే మీసాలతో చిన్న ప్రాణులను పట్టుకునే మంచినీటి జీవి. తూనీగను వడకట్టగలరు, హైడ్రా మొగ్గను వడకట్టలేరు. పిల్లలను కొత్త టబ్బుకు మార్చండి, పాతదాన్ని మరిగే నీటితో కడిగి ఎండలో పెట్టండి, సబ్బు వద్దు. డాఫ్నియా కావాలంటే కుంటలోంచి ఒక ఇరవై గర్భిణులను ఏరి, వేరే బకెట్‌లో, నాచుతో పచ్చబడిన నీటిలో పెంచండి. రెండు తరాల తర్వాత వచ్చినవే వాడండి. ఓపిక కావాలి.

దోమ పిల్లల గురించి ఎవరో అడగబోతున్నారని తెలుసు. మూత లేని బకెట్‌లో పెంచితే ఆక్సొలాటల్ కంటే ముందు మున్సిపాలిటీ వారు మీ ఇంటికి వస్తారు. రావాలి కూడా.


గాజుతొట్టె
ఫిబ్రవరి 2, రాత్రి 9:45

ఇన్ని రోజులకు తిరిగి రాస్తున్నాను. జనవరి 14 తర్వాత పోయినవి 11. ఇప్పుడు 142. ఆరు టబ్బుల్లో పంచాను. రోజూ రాత్రి 9కి నీరంతా మారుస్తున్నాను. బోరు నీరు మానేసి, కుళాయి నీటిలో క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ కలిపి ముందురోజే పట్టి ఉంచుతున్నాను. ఉదయం అమోనియా పరీక్ష చేస్తే రంగు మారడం లేదు. ఏసీ గదిలో 20 డిగ్రీలు. వాసన అనేదే లేదు.

ముందు కాళ్లు అన్నిటికీ వచ్చాయి. పెద్దవి రెండు సెంటీమీటర్లు దాటాయి. అంగడిలో ట్యూబిఫెక్స్ ఎర్రపురుగులు చూశాను, కొనవచ్చా?

ఒక పిల్లకు ఎడమ ముందు కాలు సగానికి లేదు. నిన్న ఉంది.


రొయ్యలపిల్ల
ఫిబ్రవరి 2, రాత్రి 10:05

ట్యూబిఫెక్స్ ఎక్కడ పడతారో తెలుసా? మురుగు కాలువల్లో. మూడు వారాలు నీటి కోసం ఇంత కష్టపడి మళ్లీ కాలువను ఇంట్లోకి తెచ్చుకుంటారా?


చల్లనినీరు
ఫిబ్రవరి 2, రాత్రి 10:20

ఆ పిల్ల ఉన్న టబ్బులో దానికంటే పెద్దది ఒకటి ఉండి ఉంటుంది. ముందు కాళ్లు వచ్చి వెనక కాళ్లు రాని ఈ దశలోనే అవి ఎక్కువగా కొరుక్కుంటాయి. కాలు తిరిగి వస్తుంది, దాని గురించి దిగులు వద్దు. సైజులవారీగా విడదీయండి. కాలు పోయినదాన్ని ఈ రాత్రే వేరుగా ఉంచండి, పుండు మీద బూజు పట్టకుండా నీరు రోజుకు రెండుసార్లు మార్చండి.


గాజుతొట్టె
ఫిబ్రవరి 2, రాత్రి 10:50

వేరు చేశాను. ఇంట్లో టబ్బులు అయిపోయాయి, ప్రస్తుతం పెరుగు డబ్బాలో ఉంది. పావుగంట క్రితం వేసిన ఆర్టీమియా తిన్నది. పొట్ట నారింజరంగులో ఉంది.